తలపన్ను – ఒక ఆర్చిబిషప్పు కథ



కిందటి నెలలో మా అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లావుపాటి చరిత్ర పుస్తకం వంటింటి గట్టు మీద మరిచిపోయి కాలేజీకి వెళ్ళింది. పప్పు ఉడికేలోగా నాలుగు పేజీలు తిరగేద్దామని తీశాను. ఇంగ్లాండు చరిత్ర. ఆ రాజులూ ఆ యుద్ధాలూ మనకెందుకులే అనుకుంటూనే చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 1381వ సంవత్సరం జూన్ 14వ తేదీ ఉదయం కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు సైమన్ సడ్‌బరీ లండన్ టవర్ అనే కోటలోంచి నది వైపు ద్వారం గుండా బయటపడి పడవలో పారిపోబోతుంటే, ఎవరో ఒక ఆడమనిషి చూసి కేక పెట్టిందట. ఆ కేకకి ఆయన మళ్ళీ కోటలోకి పోవలసి వచ్చింది. మరి కాసేపటికి ఆయన తల తెగింది. ఆనాటి చరిత్ర రాసినాయన ఆ ఆడమనిషిని గురించి ఒక్క మాటే రాశాడు – ‘చెడ్డ ఆడది’ అని. పేరు లేదు, ఊరు లేదు.

పప్పు అడుగంటింది. అది వేరే సంగతి. కానీ ఆ కేక నా చెవిలో ఉండిపోయింది. నేను మెట్రిక్యులేషన్‌తో చదువు ఆపేసినదాన్ని. ఇంగ్లీషు పుస్తకం చదవాలంటే పక్కన డిక్షనరీ ఉండాల్సిందే. అయినా నెలరోజులు పట్టుకుని ఈ సడ్‌బరీగారి సంగతి దొరికినంతవరకూ చదివాను. ఆవిడ ఎందుకు కేక పెట్టిందో తెలుసుకోవాలని నా తాపత్రయం.

ముందుగా ఒక మాట. ఆ రోజుల్లో ఇంగ్లాండులో అందరిదీ ఒకే చర్చి, రోములో పోపుగారి కింది చర్చి. ఎనిమిదో హెన్రీ రాజు పోపుతో తెగతెంపులు చేసుకోవడం 1534లో, అంటే మన కథ జరిగిన నూట యాభై ఏళ్ళకు. ఆ పాత చర్చికి ఇంగ్లాండులో పెద్ద తలకాయ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు. పెద్ద తలకాయ అంటే జపమాల తిప్పుకుంటూ కూర్చునే మనిషి అనుకోకండి. ఆయనకి భూములుండేవి, భవనాలుండేవి, సొంత జైలు కూడా ఉండేది. చాలాసార్లు రాజుగారికి ఛాన్సలరు, అంటే రాజముద్ర దగ్గర ఉంచుకునే ముఖ్యమంత్రి వంటివాడు, ఆయనే. మఠాధిపతీ దివానూ ఒక్కరే అయితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

కాంటర్‌బరీ అనగానే చదువుకున్నవాళ్ళకి గుర్తొచ్చేది థామస్ బెకెట్. రాజుతో విరోధం వచ్చి, 1170 డిసెంబరు 29న తన గుడిలోనే రాజుగారి మనుషుల చేతుల్లో చచ్చిపోయాడు. మూడేళ్ళు తిరక్కుండా ఆయన్ని పోపు పరిశుద్ధుడిగా ప్రకటించాడు. ఆయన సమాధికి దేశం నలుమూలల నుంచీ యాత్రలు. మన సడ్‌బరీ కూడా ఆర్చిబిషప్పుగానే హత్య అయ్యాడు. కానీ ఆయన్ని చంపింది రాజు మనుషులు కారు, జనం. అంచేత ఆయనకు పరిశుద్ధుడి పట్టం దక్కలేదు. సమాధి దగ్గర మహిమలు జరిగాయని కొందరు చెప్పుకున్నారు గాని, అది ముందుకు సాగలేదు.

సైమన్ పుట్టింది సఫోక్ జిల్లాలో సడ్‌బరీ అనే ఊళ్ళో, 1316 ప్రాంతంలో. ఆ ఊరే ఆయన ఇంటి పేరయింది. కలిగిన కుటుంబమే. పారిస్ వెళ్ళి చదువుకున్నాడు. న్యాయశాస్త్రంలో దిట్ట. అప్పట్లో పోపు రోములో కాక ఫ్రాన్సులోని అవిన్యోఁలో ఉండేవాడు. అక్కడి కొలువులో న్యాయవిచారణ పని చేశాడు. పోపు తరఫున ఇంగ్లాండు రాజు దగ్గరికి రాయబారం వచ్చాడు. 1361లో లండను బిషప్పు, 1375లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు. సొంత ఊరిని మరవలేదు. అన్నదమ్ములిద్దరూ కలిసి అక్కడి సెయింట్ గ్రెగరీ చర్చిని బాగుచేయించి, పక్కనే పూజారుల కోసం ఒక విద్యాలయం కట్టించారు. కాంటర్‌బరీలో పాడుబడిన కోటగోడకి కొత్త పడమటి ద్వారం కట్టించాడు. అది ఈనాటికీ నిలిచే ఉంది. పెద్ద చర్చిలో పాత మండపం పడగొట్టించి కొత్తదానికి పని మొదలుపెట్టించాడు. పూర్తి కావడం మాత్రం చూడలేకపోయాడు.

మనిషి సౌమ్యుడని చెప్పినవాళ్ళే ఎక్కువ. జాన్ విక్లిఫ్ అనే ఆక్స్‌ఫర్డు పండితుడు పోపు అధికారాన్నే ప్రశ్నిస్తూ రాస్తుంటే, చర్య తీసుకోమని పోపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. సడ్‌బరీ 1378లో ఆయన్ని పిలిపించి, ఇట్లాంటి మాటలు ఇంక చెప్పకు అని మందలించి పంపించేశాడు. ఇంకొక కథ ఉంది. బెకెట్ చనిపోయి రెండువందల ఏళ్ళయిన 1370లో జనం తండోపతండాలుగా కాంటర్‌బరీకి నడిచి వెళుతుంటే, అప్పుడు లండను బిషప్పుగా ఉన్న ఈయన దారిలో కలిసి, ఇట్లా వెళ్ళినంత మాత్రాన పాపాలు పోతాయా అన్నాడట. ఒక కెంటు జిల్లా పెద్దమనిషికి ఒళ్ళు మండి, నువ్వు దిక్కుమాలిన చావు చస్తావు అని శపించాడట. పదకొండేళ్ళ తరువాత జనం ఆ శాపాన్ని గుర్తుచేసుకుని ఉంటారు. నాకు మాత్రం శాపం కంటే ఆ మాట అన్న మనిషి నచ్చాడు. ఉన్నమాట అనగలిగినవాడు.

మరి అంత సౌమ్యుడి మీద జనానికి కసి ఎందుకు? ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి.

1348, 49 సంవత్సరాల్లో ఇంగ్లాండులో ప్లేగు వచ్చింది. మూడోవంతుకు పైగా జనం పోయారు. సగందాకా పోయారని కూడా లెక్కకట్టినవాళ్ళున్నారు. పొలాల్లో చేసేవాళ్ళు కరువయ్యారు. చేసేవాళ్ళు తక్కువైతే కూలి పెరుగుతుంది గదా. భూస్వాములకు అది గిట్టలేదు. ప్లేగుకు ముందు ఎంత కూలి ఇచ్చేవారో ఇప్పుడూ అంతే ఇవ్వాలి, ఎక్కువ అడిగితే శిక్ష అని 1351లో శాసనం చేశారు. మగవాళ్ళకే కాదు, ఆడవాళ్ళకూ అదే శాసనం. దానికి తోడు ఫ్రాన్సుతో ఎడతెగని యుద్ధం. 1377లో ముసలి రాజు పోయి, ఆయన మనుమడు రెండో రిచర్డు పదేళ్ళ పిల్లవాడు గద్దె ఎక్కాడు. జూలై 16న ఆ పసివాడి తల మీద కిరీటం పెట్టింది మన సడ్‌బరీయే.

ఆ ఏడాదే తలపన్ను మొదలైంది. పద్నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషీ, ఆడగాని మగగాని, గ్రోటు అనే నాలుగు పెన్నీల నాణెం ఒకటి ఇచ్చుకోవాలి. నిజమైన బిచ్చగాళ్ళకి మాత్రం మినహాయింపు. 1379లో హోదాను బట్టి వేశారు. మొగుడూ పెళ్ళాం కలిపి ఒక లెక్క. పెద్దవాళ్ళకు పెద్ద మొత్తం, కూలివాళ్ళ జంటకు నాలుగు పెన్నీలు. అది కొంత న్యాయంగానే ఉంది. కానీ డబ్బు చాలలేదు.

1380 జనవరిలో సడ్‌బరీ ఛాన్సలరు అయ్యాడు. ఆ ఏడు నవంబరులో నార్తాంప్టన్ పట్నంలో పార్లమెంటు కూర్చుంది. ఛాన్సలరుగా ఖజానా సంగతి చెప్పవలసినవాడు ఆయనే. ఏమని చెప్పాడనుకున్నారు? రాజుగారి నగలు తాకట్టులో ఉన్నాయి, చేయి జారిపోయేట్టున్నాయి, ఫ్రాన్సులో సైనికులకు జీతాలు బకాయి పడ్డాయి, లక్షా అరవైవేల పౌన్లు కావాలి అని. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. నగలు తాకట్టు పెట్టి, అవి పోతాయేమోనని భయపడుతూ అప్పుకు బయల్దేరడం మనకు తెలియని బాధా! కానీ మనం బయల్దేరితే మన ఒంటిమీదవే పోతాయి. రాజుగారి నగలు విడిపించడానికి ఊరందరి చెంబులూ తప్పేలాలూ అమ్ముకోవలసి వచ్చింది.

సభ్యులు గగ్గోలు పెట్టి, చివరకు లక్ష పౌన్లకు దిగారు, అందులో మూడోవంతు చర్చి భరించాలని షరతు. జనం వంతుగా తేలింది మనిషికి మూడు గ్రోట్లు, అంటే పన్నెండు పెన్నీలు, ఒక షిల్లింగు. పదిహేనేళ్ళు దాటిన ఆడా మగా అందరికీ తలకి ఇంతేనని లెక్క. కూలివాడికి మూడు నాలుగు రోజుల కూలి. ఇంట్లో భార్య, పెళ్ళికాని చెల్లెలు, ముసలితల్లి, పదహారేళ్ళ కూతురు ఉంటే మొత్తం ఎంతయిందో మీరే కూడుకోండి. ఆడదానికి కూలి ఇచ్చేటప్పుడు మగవాడికంటే తక్కువ, పన్ను కట్టేటప్పుడు మాత్రం సమానం. ఊళ్ళో ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి సాయపడి మొత్తం సర్దాలని ఒక నియమం పెట్టారు గాని, ఉన్నవాడే లేని పల్లెలో ఎవరు సాయపడతారు?

అప్పుడు జనం ఏం చేశారో వినండి. 1377లో పన్ను కట్టినవారు సుమారు 13 లక్షల 60 వేలమంది. నాలుగేళ్ళు తిరిగేసరికి పట్టీల్లో తేలినవారు సుమారు 9 లక్షలు. నాలుగున్నర లక్షలమంది మాయం! ప్లేగు రాలేదు, కరువు రాలేదు. వయసు పరిమితి ఒక ఏడాది పెంచినందువల్ల అంతమంది తగ్గరు. పోయినవాళ్ళు ఎవరని ఆ పట్టీలు పరిశీలించిన చరిత్రకారులు చూస్తే, ఎక్కువమంది ఆడవాళ్ళు. పెళ్ళికాని కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు, విధవలు, పనిమనుషులు. కొన్ని ఊళ్ళ పట్టీలు చూస్తే ఆ ఊళ్ళో పెళ్ళికాని ఆడపిల్లే లేదన్నట్టు ఉంటుందట.

ఇది చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా నాయనమ్మ ఎవరైనా వచ్చి ఇంట్లో ఎంతమంది అని అడిగితే వేళ్ళు మడిచి లెక్క చెప్పేది. ఆ లెక్కలో మా విధవ మేనత్త ఎప్పుడూ ఉండేది కాదు. దాచాలని కాదు, గుర్తుండేది కాదు, అంతే. ఆ రోజంతా మా ఇంటి నీళ్ళు తోడింది, పిండి విసిరింది ఆవిడే. ఆ ఇంగ్లీషు పల్లెల్లో మాత్రం గుర్తుండే దాచారు. ఒక షిల్లింగు మిగుల్తుందని, చెల్లెలు లేదని చెప్పారు. ఆ చెల్లెలు గదిలోనో గడ్డివాములోనో దాక్కుని వింటూనే ఉండి ఉంటుంది. దాన్ని ప్రేమ అనాలో మరేమనాలో నాకు తోచలేదు.

లెక్క తప్పిందని రాజుగారి కొలువుకి తెలిసింది. 1381 వసంతంలో మళ్ళీ తనిఖీకి మనుషుల్ని పంపారు. ఆ తనిఖీదారుల్లో ఒకడు, ఆడపిల్లలకు పన్ను వయసు వచ్చిందో లేదో తేల్చడానికి చేసిన పని ఆనాటి చరిత్రకారుడొకాయన రాశాడు. అది ఇక్కడ చెప్పడానికి నాకు నోరు రాదు. మీరే అర్థం చేసుకోండి. కన్నతండ్రుల రక్తం ఉడికిందంటే ఉడకదూ!

మే 30న ఎసెక్స్ జిల్లా బ్రెంట్‌వుడ్‌లో తనిఖీకి వచ్చినవాళ్ళను జనం తరిమికొట్టారు. అక్కణ్ణుంచి నిప్పు అంటుకుంది. కెంటు జిల్లాలో వాట్ టైలర్ అనే ఆయన నాయకుడయ్యాడు. మెయిడ్‌స్టన్‌లో ఉన్న ఆర్చిబిషప్పు జైలు నుంచి జాన్ బాల్ అనే పేద పూజారి బయటికి వచ్చాడు. దేవుడు అందరినీ సమానంగా పుట్టించాడు, దొర ఏమిటి, బానిస ఏమిటి అని సంతల్లో చెప్పేవాడు ఆయన. సడ్‌బరీ ఆయన్ని పట్టించడం, రెండు మూడు నెలలు జైల్లో ఉంచి, అంతకు మించి చేయడానికి మనసొప్పక వదిలేయడం, ఆయన మళ్ళీ చెప్పడం ఏళ్ళ తరబడి జరిగిందని ఫ్రాయిస్సార్ట్ అనే చరిత్రకారుడు రాశాడు. ఒక్కటి గమనించారా? ఆక్స్‌ఫర్డు పండితుడు తప్పు మాట్లాడితే మందలింపు, చినిగిన బట్టల పూజారి మాట్లాడితే జైలు. సౌమ్యుడు కూడా మనిషిని చూసి సౌమ్యం చూపిస్తాడు కాబోలు.

జూన్ 10న జనం కాంటర్‌బరీ పెద్ద చర్చిలోకి, పూజ జరుగుతుండగా, వేలాదిగా వచ్చేశారు. మీ ఆర్చిబిషప్పు తల పోబోతోంది, మీలోనే ఎవరినైనా ఆర్చిబిషప్పుగా ఎన్నుకోండి అని అక్కడి సన్యాసులతో చెప్పారు. ముందే చెప్పేశారన్నమాట. పన్నెండో తేదీకి లండను పొలిమేరకి వచ్చారు. నదికి ఇవతల లాంబెత్‌లో ఉన్న ఆర్చిబిషప్పు భవనం దోచి, కాగితాలన్నీ తగలబెట్టారు. ఆ రోజే సడ్‌బరీ రాజముద్ర తిరిగి ఇచ్చేశాడు. ఇంక నేను ఛాన్సలర్ని కాదు అని. ముద్ర ఇచ్చేసినంత మాత్రాన జనం మరచిపోతారా!

పదమూడో తేదీన జనం లండనులో ప్రవేశించి, రాజుగారి చిన్నాన్న ఉండే సవాయ్ భవనం తగలబెట్టారు. రాజు, తల్లి, ఆర్చిబిషప్పు, కోశాధికారి హేల్స్ అందరూ కోటలో చేరారు. జనం ఇవ్వమని అడుగుతున్న తలల్లో చిన్నాన్నది, సడ్‌బరీది, హేల్స్‌ది ముందున్నాయి. పద్నాలుగో తేదీ పొద్దున్న, పద్నాలుగేళ్ళ రాజు కోట వదలి మైల్ ఎండ్ అనే చోటికి జనంతో మాట్లాడ్డానికి వెళ్ళాడు. జనం దృష్టి అటు ఉండగా ఆర్చిబిషప్పు తప్పించుకుంటాడని అనుకున్నారేమో. అప్పుడే ఆ పడవ, ఆ కేక.

కేక విన్న పడవవాడికి ధైర్యం చాల్లేదు, వెనక్కి తిప్పాడు. సడ్‌బరీ కోటలోని చిన్న ప్రార్థన గదిలోకి వెళ్ళి పూజ చేసుకుంటూ కూర్చున్నాడు. ఇక తప్పదని ఆయనకి తెలిసిపోయింది. కాసేపటికి జనం కోటలోకి వచ్చారు. వందలమంది సైనికులు ఉండి కూడా కదల్లేదట. రాజమాత గదిలోకి చొరబడితే ఆవిడ మూర్ఛపోయింది. ప్రార్థన గదిలోంచి సడ్‌బరీనీ, హేల్స్‌నీ ఈడ్చుకుపోయి కోట బయట దిబ్బ మీద తలలు నరికారు. నరికినవాడికి చేతకాలేదు. మొదటి దెబ్బకి ఆయన మెడ తడుముకుని, ఇది దేవుడి చెయ్యి అన్నాడట. రెండో దెబ్బకి ఆ వేళ్ళు తెగాయి. మొత్తం ఎనిమిది దెబ్బలు పట్టింది. తలను గడకి గుచ్చి, ఆ తల మీద ఎర్ర టోపీ పెట్టి మేకు కొట్టి, లండను వంతెన మీద నిలబెట్టారు. మర్నాడే వాట్ టైలర్ కూడా హతుడయ్యాడు. సడ్‌బరీ తల దించి ఆ స్థానంలో టైలర్ తల పెట్టారు. రాజు మైల్ ఎండ్‌లో ఇచ్చిన వాగ్దానాలన్నీ వెనక్కి తీసుకున్నాడు. జాన్ బాల్‌ను జూలై 15న ఉరి తీశారు. అయితే దేశం మొత్తం మీద అట్లాంటి తలపన్ను వేయడానికి మళ్ళీ వందేళ్ళకు పైగా ఎవరూ సాహసించలేదు. ఆ పేరు ఎంత చెడ్డదంటే, ఆరువందల ఏళ్ళ తరువాత 1990లో మార్గరెట్ థాచర్ మనిషికింత అని స్థానిక పన్ను వేస్తే, జనం దాన్ని తలపన్ను అనే పిలిచి వీధికెక్కారు. ఆ ఏడు నవంబరులో ఆవిడ పదవి వదులుకోవడానికి అదొక కారణం.

ఇంక ఆ ఆడమనిషి సంగతి. తిరుగుబాటు అణిగిన తరువాత విచారణ జరిపిన కోర్టు రికార్డుల్లో జోహానా ఫెర్రర్ అని ఒకావిడ పేరు ఉంది. కెంటు నుంచి వచ్చిన దుర్మార్గులకు ఈవిడే నాయకురాలనీ, సవాయ్ భవనం తగలబెట్టించి వెయ్యి పౌన్ల బంగారం పెట్టె తీసుకుపోయిందనీ, ఆర్చిబిషప్పును పట్టుకుని నరకమని చెప్పింది ఈవిడేననీ అభియోగం. చిత్రం చూడండి. అదే రోజు అదే కోటలో రాజుగారి పినతండ్రి కొడుకు హెన్రీ అనే పిల్లవాడి ప్రాణం కాపాడినవాడి పేరు జాన్ ఫెర్రర్. ఆ పిల్లవాడు పెద్దయి నాలుగో హెన్రీ రాజయ్యాక ఆ మేలు తలుచుకున్నాడు. ఈ జాన్ జోహానా భర్తే అయి ఉంటాడని చరిత్రకారుల అభిప్రాయం.

నది గట్టు మీద కేక పెట్టినావిడ మాత్రం ఈ జోహానా అని ఎవరూ రాయలేదు. ఆవిడ నీళ్ళకి వచ్చిందో, బట్టలు ఉతుకుతోందో, ఊరికే చూస్తోందో. ఆవిడ పేరు 1381 పట్టీలో ఉందో, నాలుగున్నర లక్షల లేనివాళ్ళలో ఉందో. నేను ఆవిణ్ణి మెచ్చుకోలేను. ఎనిమిది దెబ్బలు తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. ఆ ముసలాయన తనకోసం ఆ పన్ను అడగలేదు. పన్నెండు పెన్నీలన్న లెక్క కూడా ఆయనది కాదు, సభది. ఆయన చేసిందల్లా నిలబడి చదవడం, ముద్ర వేయించడం. కానీ ఆవిడకు కనిపించింది ముద్ర వేసిన చెయ్యే. తనిఖీదారుడు ఆ ముద్ర చూపించే గదా తన గడప తొక్కాడు. అందుకని చరిత్రకారుడితో కలిసి చెడ్డ ఆడది అని కూడా అనలేకపోతున్నాను.

సడ్‌బరీ మొండెం కాంటర్‌బరీ పెద్ద చర్చిలో ఉంది. తల ఉండవలసిన చోట సీసపు గుండు పెట్టి పూడ్చారు. తల మాత్రం సొంత ఊరికి చేరింది. ఆయన బాగుచేయించిన సెయింట్ గ్రెగరీ చర్చిలో, గోడలోని ఒక చిన్న అల్మారాలో, ఆ పుర్రె ఇప్పటికీ ఉంది. అడిగితే తలుపు తీసి చూపిస్తారట. 2011లో దాన్ని ఎక్సరే తీసి, డండీ విశ్వవిద్యాలయంలో ఆ ఎముకల మీద కండరాలు, చర్మం అమర్చి ముఖం బొమ్మ చేశారు. మా అమ్మాయి ఆ ఫోటో చూపించింది. చాలాసేపు చూశాను. వీధిలో కనిపిస్తే, ఎవరింటి పెద్దాయనో అనుకుని దారి ఇచ్చి తప్పుకునే ముఖం. పడవలో కూర్చున్నప్పుడు కూడా ఆ ముఖమే గట్టు మీద నుంచి కనిపించి ఉంటుంది, కాస్త దూరంలో, పొద్దుటి వెలుగులో.